గోడ మీద నీలం గీత

ఆసుపత్రి తలుపు తీయగానే నర్సమ్మ మొదట చూసేది గోడనే. చెప్పులు విడవకముందే, చేతిసంచి బల్ల మీద పెట్టకముందే ఒకసారి అటు చూస్తుంది. ఇరవై నిండకుండానే తల్లులైన ఆడపిల్లల లెక్క తెలియడానికి ముప్పై ఐదేళ్ల కిందట ఒక డాక్టరుగారు అక్కడ నీలం రంగు గీత మొదలుపెట్టాడు. ఆయన బదిలీ అయి వెళ్లాక గీత తనంతట తానే సాగుతోంది. మొదట్లో కప్పును తాకుతూ ఉండేది. ఏడాదికి కాస్త కాస్త దిగుతూ, కిటికీ దాటి, ఇప్పుడు బల్ల ఎత్తుకు వచ్చింది. దాన్నెవరూ వింతగా చూడరు. సున్నం వేసేవాళ్లు మాత్రం పైన గోల ఎక్కువని చెవుల్లో దూది పెట్టుకుంటారు. గీత మీద ఏ కాన్పు నాటి చోట చెవి ఆనిస్తే ఆ తల్లి ఆనాటి గొంతు వినిపిస్తుంది మరి.

ఆ సోమవారం గీత కొస గోరంత పైకి లేచి ఉంది.

నర్సమ్మ దగ్గరికెళ్లి గోరు పెట్టి చూసింది. ఒకప్పుడు పదిమంది ఆడపిల్లలు తల్లులైనా గీత చలించేది కాదు. ఇప్పుడు ఒక్క పిల్ల చాలు. అది కాన్పుదాకా ఆగదు కూడా. ఇంట్లో పెద్దవాళ్లు పెళ్లికి సరే అనుకుంటే చాలు, తలెత్తుతుంది.

"ఎవరే తల్లీ నువ్వు?" అని గీతనే అడిగి, గొడుగు తీసుకుని బయల్దేరింది.

ఇస్త్రీ షాపు ఆవిడ పకపకా నవ్వింది. "మా పిల్లకి పెళ్లా? గిన్నె కడగమంటేనే ఏడుస్తుంది నర్సమ్మా!" మెకానిక్ చెల్లెలు కంప్యూటర్ క్లాసుకి పోయింది. పాలబూత్ వాళ్లమ్మాయి జ్వరంతో ముసుగుతన్ని పడుకుంది. మధ్యాహ్నానికి కాళ్లు పీకాయి. తిరగాల్సిన ఇళ్లన్నీ అయిపోయాయి. తనది తప్ప.

కూతురు కుట్టుమిషను మీద వంగి ఉంది. తల్లిని చూసి తలెత్తలేదు. మనవరాలు ఇంట్లో లేదు. బక్కగా ఉండి క్షణం నోరు మూయదని ఆ పిల్లని అందరూ పిచ్చుక అంటారు.

"నాకు చెప్పకుండా ఏమైనా అనుకున్నారా?"

మిషను ఆగింది. "నిన్న పెళ్లికొడుకు వాళ్లు ఫోన్ చేశారు. మీ అల్లుడు సరే అన్నాడు. నేనూ అన్నాను."

"పదహారేళ్లేనే దానికి!"

"నన్ను కన్నప్పుడు నీకెన్ని? దాన్ని కన్నప్పుడు నాకెన్ని? చచ్చామా?" కూతురు గుడ్డని మిషను మీంచి లాగేసింది. "ట్యూషన్ దారిలో ఎవడో రోజూ వెంటపడుతున్నాడమ్మా. ఆయనేమో లారీ ఎక్కితే ఇరవై రోజులు కనపడడు. అది ఇంటికొచ్చేదాకా నా ప్రాణాలు గుమ్మంలోనే ఉంటున్నాయి. ఏదన్నా జరిగితే ఎవరితో చెప్పుకోను?"

తిట్టాలని వచ్చిన నర్సమ్మ గొడుగు గుమ్మం పక్కన ఆనించింది. ఆ భయం తనకీ తెలుసు. ఆ భయంతోనే ఈ కూతురికీ పెళ్లి చేసింది.

"చెప్పులేసుకో. పద" అంది.

ఆసుపత్రిలో కిటికీ పక్కన, భుజం ఎత్తులో, గీత మీద ఒకచోట వేలు పెట్టి చూపించింది. కూతురు విసుక్కుంటూనే చెవి ఆనించింది.

గోడలోంచి పదిహేడేళ్ల పిల్ల "అమ్మా, నన్నింటికి తీసుకెళ్లు" అంటోంది. అరవడం లేదు. బతిమాలుతున్నట్టు, అదే మాట మళ్లీ మళ్లీ. పక్కన ఎవరో "అయిపోయింది, ఇంకాసేపే" అని అబద్ధం చెబుతున్నారు. ఆ గొంతు నర్సమ్మది.

"నేనిలా అన్నానా?"

"రెండు రోజులు అన్నావు."

"మరి తీసుకెళ్లలేదేం?"

నర్సమ్మ గీత మీంచి వేలు తీసింది. కూతురు మళ్లీ చెవి ఆనించింది. తర్వాత ఫోన్ తీసి మొగుడికి చేసింది.

"వాళ్లకి వద్దని చెప్పు. అవును, సరే అన్నది నేనే. వద్దంటున్నదీ నేనే. కోపమొస్తే రానీ."

ఆమె మాట్లాడుతుండగానే గీత కొస మెల్లగా కిందికి వాలింది. ఇద్దరూ చూడలేదు. వాళ్ల కళ్లు గడియారం మీదున్నాయి.

ట్యూషన్ వదిలేసరికి ఇద్దరూ వీధి మలుపులో నిలబడ్డారు. పిచ్చుక పరుగెత్తుకొచ్చింది. "ఏంటి ఇద్దరూ వచ్చారు? ఎవరికేమైంది?"

"ఏం కాలేదు. రేపూ వస్తాం" అంది తల్లి.

రోడ్డవతల బండి మీద ఒకడు కాళ్లూపుతూ కూర్చుని ఉన్నాడు. పిల్లని మధ్యలో నడిపిస్తూ తల్లి వాడి ముఖంలోకే చూసింది. వాడు చూపు తిప్పుకునేదాకా చూసింది. పిచ్చుక అదేమీ పట్టించుకోకుండా, లెక్కల మాస్టారు ఇవాళ బోర్డు మీద చేసిన తప్పు గురించి చెబుతూనే ఉంది.