సోలకు నాలుగు చిప్పలు

చెంచురామయ్య అయ్యవారు రాకముందు వరికుంటపాడు పక్కనున్న ఆ పల్లె బడిలో కొలతల పాఠమంటే బెత్తం పాఠమే. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. నిద్రలో లేపి అడిగినా పిల్లలు గడగడా అప్పజెప్పేవాళ్లు. గిద్ద ఏదో చూపించమంటే మాత్రం తెల్లమొహం వేసేవాళ్లు.

చెంచురామయ్య ట్రైనింగు అయి కొత్తగా వచ్చినవాడు. ఊళ్లో భూములున్న ఇంటి బిడ్డ. వచ్చిన నెలలోనే బెత్తాన్ని చూరులో దోపి, పిల్లలందరినీ ఏటి ఇసక పోసిన వసారాలో కూర్చోబెట్టాడు. ఇంట్లో నుంచి ఇత్తడి గిద్ద, సోల, తవ్వ, మానిక తెచ్చి వాళ్ల మధ్య పెట్టాడు. కొలుచుకోండి, పొయ్యండి, మీరే కనుక్కోండి అన్నాడు. ఎవరి దోసిట్లో ఎంత ఇసక పడుతుందో చూడమన్నాడు. చెరువుకట్ట కింది గుడిసెల నుంచి వచ్చే రోశమ్మ దోసిలి సరిగ్గా గిద్దకు సమానమని తేలింది. ఇక పిల్లలు ఏం కొలవాలన్నా రోశమ్మ చేతుల కోసం కొట్టుకునేవాళ్లు. ఆ పిల్లకు తొమ్మిదేళ్లు. నాయన వెంగయ్య చెరువులో చేపలు పడతాడు.

"ఈ బడిలో పెద్ద ఇంటి పిల్లలు, చిన్న ఇంటి పిల్లలు అని లేదు. అందరూ ఒకే సోల పట్టుకుంటారు," అని చెంచురామయ్య చావడి దగ్గర కూడా చెప్పుకునేవాడు. చెప్పుకుని కొంచెం మురిసిపోయేవాడు కూడా. మురిసిపోవాల్సిన మాటే, పూర్తిగా నిజమైతే.

నిజం అతని పెరట్లో ఉంది. ఆ ఇత్తడి సామాను వాళ్లమ్మ వెంకమ్మది. పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. ఇవ్వనంటే ఇవ్వనని రెండు రోజులు మొండికేసి, చివరికి ఒక షరతు మీద ఇచ్చింది.

"ఆ గుడిసెల పిల్లకాయలు ముట్టుకున్న సోల నిప్పుల్లో కాలకుండా గడప లోపలికి వచ్చిందా, నేను వంటింట్లోకి పోను. నీ ఇష్టం నాయనా," అంది.

చెంచురామయ్య నవ్వేసి ఒప్పుకున్నాడు. పెద్దావిడ చాదస్తం, పాఠం ఆగకపోతే చాలు అనుకున్నాడు. రోజూ బడి వదిలాక పెరటి వాకిలి దగ్గర పిడకలు రాజేసి, పట్టకారుతో ఒక్కొక్కటీ నిప్పుల మీద తిప్పి, చింతపండుతో తోమి, నీళ్లు పోసి లోపల ఇచ్చేవాడు. మొదట్లో చిన్నతనంగా అనిపించేది. పది రోజులకు కాళ్లు కడుక్కున్నంత మామూలైపోయింది. మనిషి దేనికైనా అలవాటు పడతాడు. అతనూ పడ్డాడు.

ఒక సాయంత్రం సోలను నిప్పుల మీద తిప్పుతుండగా వెనక నుంచి, "అయ్యా," అని వినబడింది.

రోశమ్మ. చేతిలో గిద్ద.

"ఇసకలో పూడిపోయి ఉండాది అయ్యా. నువ్వు ఎతుక్కుంటావని తెచ్చినా."

అతని చేతిలో పట్టకారు జారింది. ఎర్రగా కాగిన సోలను తెలివితక్కువగా ఉత్త చేత్తో పట్టుకున్నాడు. అరచెయ్యి చుర్రుమంది. ఆ మంటకంటే ముందు అతనికి భయం వేసింది. తప్పు చేస్తూ దొరికిపోయినవాడి భయం.

"చిలుం పట్టింది మే... చిలుం పోవాలని," అన్నాడు.

ఇంతలో వంటింటి కిటికీలో నుంచి వెంకమ్మ గొంతు వచ్చింది. "ఎవురది? ఆ గిద్ద కింద పెట్టమను. దాన్ని కూడా కాల్చు."

రోశమ్మ గిద్దను నేల మీద పెట్టింది. నిప్పులకేసి, అతని చేతికేసి, వరసగా పెట్టిన ఇత్తడికేసి ఒకసారి చూసింది. వెళ్లిపోయింది. చెంచురామయ్యకు తల కొట్టేసినట్టయింది. పిల్లను వెనక్కి పిలవాలనుకున్నాడు. పిలిచి ఏం చెప్పాలో తోచలేదు. చివరికి ఆ గిద్దను కూడా కాల్చాడు.

మర్నాడు చేతికి గుడ్డ చుట్టుకుని బడికి వెళ్లేసరికి, వసారాలో ఇసక పక్కన నాలుగు కొబ్బరిచిప్పలు బోర్లించి ఉన్నాయి. అంచులు బండ మీద అరగదీసి నున్నగా చేసి ఉన్నాయి. రోశమ్మ తన దోసిలితో కొలిచి, ఒక్కొక్కటీ ఒక గిద్ద పట్టేట్టు అరగదీసిందట.

"ఇంక ఇయ్యే చాలు అయ్యా. నాలుగు పోస్తే సోల," అంది.

చాచి కొట్టినా అంత తగిలేది కాదు. నీ ఇత్తడి నువ్వే దాచుకో అని పిల్ల తన మొహాన చెప్పిందనే అతనికి అర్థమయింది. ఎందుకు తెచ్చావని అడగడానికి నోరు రాలేదు. అడిగితే జవాబు వినాలి కదా. ఇత్తడి సామాను ఆ రోజు నుంచి ఇంట్లోనే ఉండిపోయింది. వెంకమ్మ సంతోషించింది. పాఠం మటుకు ఇంకా బాగా సాగింది. కొబ్బరిచిప్పలు ఎవరైనా తేగలరు. వారం తిరిగేసరికి పిల్లలందరూ తలా ఒకటి అరగదీసుకుని తెచ్చారు. రోశమ్మ మొహం చూడాల్సి వచ్చినప్పుడల్లా చెంచురామయ్య నల్లబల్లకేసి తిరిగేవాడు.

ఆ నెలాఖరున బళ్ల ఇనస్పెక్టరు వచ్చి చూసి ముగ్ధుడైపోయాడు.

"కాణీ ఖర్చు లేకుండా ఎంత చక్కటి సాధనమండీ! మీ ఆలోచనేనా?"

కాదు అనడానికి ఎంతసేపు పడుతుంది? చెంచురామయ్య తల వంచి ఊరుకున్నాడు. ఇనస్పెక్టరు దాన్ని వినయమనుకుని పుస్తకంలో రాసుకున్నాడు. ఆత్మకూరులో టీచర్ల సభ ఉంది, ఈ పాఠం అక్కడ చేసి చూపించండి, ఆ పిల్లను కూడా తీసుకురండి అన్నాడు.

ఉదయగిరిలో బస్సెక్కి ముగ్గురూ ఆత్మకూరు వెళ్లారు. అయ్యవారు, వెంగయ్య, మధ్యలో చిప్పల మూట ఒళ్లో పెట్టుకుని రోశమ్మ. మొదటిసారి బస్సెక్కిన పిల్ల దారంతా ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. చెంచురామయ్య ఊ, ఆ అంటున్నాడు. సభలో ఈ పిల్ల పేరు చెప్పేస్తాను, ఆలోచన దీనిదేనని చెప్పేస్తాను అని సంగం వెళ్లే రోడ్డు కనబడేదాకా అనుకుంటూనే ఉన్నాడు. ఆత్మకూరు వచ్చేసరికి, పేరు వరకు చెబితే చాల్లే అనుకున్నాడు. వేదిక మీదికెక్కాక ఆ పేరు కూడా చెప్పలేదు.

డెబ్బైమంది టీచర్లు కూర్చుని ఉన్నారు. రోశమ్మ చిప్పతో ఇసక పోసి, సభవాళ్లు తెచ్చిపెట్టిన సోల నింపింది, సోలతో తవ్వ నింపింది. అంచు దగ్గర వేలితో గీసి సమం చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇనస్పెక్టరు ముచ్చటపడి అడిగాడు.

"ఏమ్మా, చిప్పలతో కొలవడం నీకెవరు నేర్పారు?"

"ఎవురూ నేర్పలేదు అయ్యా. మేం ముట్టుకున్న సోలల్ని అయ్యవారు దినామూ నిప్పుల్లో కాలుస్తా ఉన్నాడు. వాళ్లమ్మ కాల్చమంటుంది. ఒకనాడు ఆయన చెయ్యి కాలిపోయింది. పాపం అనిపించినాది. చిప్పలైతే మాయే కదా, కాల్చే పని ఉండదని తెచ్చినా."

చప్పట్లు కొట్టినవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

చెంచురామయ్య ఇన్నాళ్లూ పిల్ల తనను అసహ్యించుకుందనుకున్నాడు. ఆ అసహ్యాన్నయినా ఎలాగో మోయగలిగాడు. ఆ పిల్ల తన మీద జాలిపడి రాత్రంతా బండ మీద చిప్పలు అరగదీసిందని తెలిసేసరికి మాత్రం నిలబడలేకపోయాడు. తను కాల్చింది ఎవరి చేతుల అంటు పోగొట్టడానికో, ఆ చేతులే వాటిని అరగదీశాయి.

ఇనస్పెక్టరు మంచివాడు. తోవ చూపించాడు. "చిన్నపిల్ల, ఏదో చూసి ఏదో అనుకున్నట్టుంది. ఏం మాష్టారూ, అంతే కదా?" అన్నాడు నవ్వడానికి ప్రయత్నిస్తూ.

అవును అంటే అయిపోతుంది. డెబ్బైమందీ ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టున్నారు. వాళ్లలో ఎంతమంది ఇళ్ల పెరట్లలో పిడకల నిప్పు రాజుకుంటోందో వాళ్లకే తెలియాలి. గోడ దగ్గర నిలబడ్డ వెంగయ్య కంగారుగా కూతురికి సైగ చేస్తున్నాడు, ఊరుకో అని.

రోశమ్మ ఆ సైగ చూసింది. మొహం చిన్నబోయింది. "తప్పు చెప్పినానా అయ్యా?" అని అడిగింది.

"లేదమ్మా," అన్నాడు చెంచురామయ్య. ఇంకోసారి అన్నాడు, వెనక వరసలకు కూడా వినబడేట్టు. "లేదు. చూసింది చూసినట్టే చెప్పినావు. చిలుమని నీకు అబద్ధం చెప్పింది నేను. ఈ చిప్పల ఆలోచన కూడా నాది కాదు, నీదే. నాదనుకుంటే ఊరుకున్నా."

ఇనస్పెక్టరు పుస్తకం మూశాడు. ముందు వరసలోవాళ్లు నేలకేసి చూస్తూ కూర్చున్నారు. తర్వాతి పాఠం చెప్పాల్సిన టీచరును ఎవరూ పిలవలేదు. చెంచురామయ్య చిప్పల్ని ఒక్కొక్కటిగా తీసి మూటలో పెడుతున్నాడు. రోశమ్మ కూడా పక్కన కూర్చుని ఇసక దులిపి అందిస్తోంది. ఆ పిల్ల చేతుల్లో నుంచి ఒక్కో చిప్పా అందుకుంటున్నప్పుడు అతను తల ఎత్తలేకపోయాడు.