నిజంగానే తిరిగిన కళ్లు

కొల్హాపూర్‌లో పొద్దున్నే దత్తోబా నడిపే మిసళ్ టిఫిన్ల దుకాణం కిటకిటలాడుతోంది. గిన్నెల్లో రస్సా పులుసు పోస్తున్న అతని భార్య వైజయంత ఉన్నట్టుండి గోడ పట్టుకుని కూలబడింది.

"మొదలైంది మా ఆవిడ నాటకం! రద్దీ పెరిగితే చాలు, కళ్లు తిరుగుతాయి," అన్నాడు దత్తోబా.

తింటున్నవాళ్లు ఘొల్లుమన్నారు. వైజయంత కూడా నవ్వేసింది. నవ్వకపోతే ఏడుపొస్తుంది మరి.

చదువరులారా, ఇలాంటి నవ్వులు మన ఇళ్లలోనూ వినపడుతుంటాయి. కట్టు కట్టిన కాలిని నమ్ముతాం; పైకి కనపడని బాధను వేషమంటాం.

అంతకుముందు ఒక ఆసుపత్రిలో ఆమెకు కళ్లు తిరగడానికి పరీక్ష చేయించారు. కళ్ల కదలికను పట్టే యంత్రానికి ఆమె చూపు చిక్కలేదు. "ఈవిడ సరిగ్గా చూడట్లేదు" అని పంపేశారు. అప్పట్నుంచి దత్తోబా ఎగతాళికి పట్టపగ్గాల్లేవు.

చివరికి కూతురు ప్రాజక్త పట్టుబట్టి ఇద్దరినీ కళ్లు తిరిగే జబ్బులు చూసే డాక్టర్ మృణాళ్ సాళోఖే దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ వైజయంతకు కెమెరాలున్న పెద్ద కళ్లజోడు తొడిగింది. తెరమీద కళ్లు కనిపించాయి గానీ, కంటిపాప మీద నిలవాల్సిన గుర్తు రెప్పవెంట్రుకల మీదికి గెంతుతోంది.

"చూశారా, యంత్రాన్ని కూడా ఆడిస్తోంది!" అన్నాడు దత్తోబా.

"ఆడిస్తున్నది కాటుక, కాకా," అంది డాక్టరమ్మ. "నల్లగా ఉన్నదల్లా కంటిపాపే అనుకుంటుంది ఈ యంత్రం. మావుషీ, తుడిచేద్దామా?" అని పిన్నిని అడిగినట్టు వైజయంతను అడిగింది.

"తుడవండి తాయీ," అంది వైజయంత. "ఉన్న సోకల్లా అదొక్కటే!"

తుడిచినా రెప్పలు నల్లగానే ఉన్నాయి. డాక్టర్ తెరమీది వెలుతురు కొద్దికొద్దిగా పెంచింది. రెప్పల నలుపు వెలిసిపోయింది. ఇంకాస్త పెంచితే కంటిపాప కూడా చెదురుతోందని కొంచెం తగ్గించింది. గుర్తు కంటిపాప మీద వాలి నిలిచింది.

అప్పుడు డాక్టర్ వైజయంత తలను కుడివైపు తిప్పి, ఆమెను వెనక్కి పడుకోబెట్టింది.

"అమ్మో, గది తిరుగుతోంది!"

తెరమీద ఆమె కళ్లు సుడి తిరుగుతున్నట్టు అదరసాగాయి. దత్తోబా తెర దగ్గరికి వంగాడు.

"ఇది... కావాలని చెయ్యొచ్చా?" అన్నాడు.

"మీరు చేసి చూపించండి," అంది డాక్టర్.

పాపం, ప్రయత్నించాడు. గుడ్లు తేలేసిన తండ్రిని చూసి ప్రాజక్త పగలబడి నవ్వింది.

చెవి లోపలి సన్నటి నలుసులు చోటు తప్పాయని చెప్పి, డాక్టర్ అవి మళ్లీ చోటికి చేరేలా వైజయంత తలను మెల్లగా ఒక్కో వైపూ తిప్పి లేవదీసింది. కాసేపాగి మళ్లీ పడుకోబెట్టి చూస్తే తెరమీద కళ్లు నిశ్చలంగా ఉన్నాయి.

"ఏమండీ, గది కదలట్లేదు! నన్ను బండి మీద రంకాళా చెరువు చుట్టూ తిప్పండి. పడిపోతానని ఎన్నాళ్లుగానో ఎక్కనే లేదు."

"ఎన్ని చుట్లంటే అన్ని," అన్నాడు దత్తోబా. "నిన్ను నవ్వులపాలు చేశానే..."

"ఇవాళొద్దు, రెండ్రోజులాగి తిరగండి," అని నవ్వింది డాక్టర్. తర్వాత అతనితో నెమ్మదిగా అంది:

"కాకా, మొదట పరీక్ష చేసినచోట యంత్రాన్ని సరిచేసుకోకుండా మనిషిని తప్పుపట్టారు. మనమూ అంతే చేస్తాం. ఇంట్లో ఎవరైనా ఒంట్లో బాగాలేదంటే ముందు నమ్మండి. పరీక్షలు ఆ తర్వాత."