కస్తూరి కాలికింద మట్టి

పొద్దున్నే తన హాస్టల్ పిల్లలకి ఇడ్లీలు పెట్టి పంపేసి, అమ్మాజీ కస్తూరిని నడకకి తీసుకెళ్ళేది. కస్తూరి నల్ల గుర్రం. చైతన్యపురి నుంచి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ దాకా వెళ్ళొచ్చేవారు. గుర్రం కాలు పెట్టిన చోటల్లా తారు రోడ్డు మెత్తటి ఎర్రమట్టి అయ్యేది, కాసేపటికి మళ్ళీ గట్టిపడేది. ఆటోవాళ్ళు పక్కనుంచి పోనిచ్చేవారు. తులసి కుండీలున్న ఆడవాళ్ళు చేటలతో వెనకే వచ్చి, ఆరేలోపు మట్టి ఎత్తుకునేవారు.

సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయాక గుర్రానికి మరీ హాయి. రోడ్డు మీద వంటావార్పూ పెట్టిన రోజు సమ్మెలో ఉన్న బస్సు డ్రైవరు కొమరయ్య ఎదురొచ్చాడు.

"అమ్మా, పొయ్యి రాళ్లు నిలుస్తలేవు. జర గుర్రాన్ని గిటు నడిపియ్యరాదూ?"

అమ్మాజీది కాకినాడ వైపు. ఆంధ్రా, తెలంగాణ అంటూ టీవీల్లో గొంతులు చించుకుంటున్న రోజులవి. ఆమె మాత్రం గుర్రాన్ని నాలుగడుగులు నడిపించింది. రాళ్ళు కుదురుకున్నాయి. వంటయ్యాక ఆమెకీ ఓ విస్తరి వేశారు.

ఆ విస్తరి ముందుండగానే జానయ్య కుంటుకుంటూ వచ్చాడు. కస్తూరి అతని గుర్రం. ఎల్‌బీనగర్‌లో ఉంటూ దాన్ని పెళ్ళి ఊరేగింపులకి తిప్పేవాడు, శనివారాలు దాని గిట్టల నాడాలు అమ్మేవాడు. ఏలినాటి శని పోవాలంటే గుమ్మానికి నల్లగుర్రం నాడా కొట్టాలంటారు కదా. కొత్తది పనికిరాదు. గుర్రం తొడుక్కుని నడిచింది కావాలి, శనివారం కళ్ళముందే ఊడదియ్యాలి. శని పట్టినవాళ్ళకి మన ఊళ్ళో కొదవా? వారం వారం ఊడబెరికి కొత్తది దిగ్గొడుతుంటే గిట్టలు చిల్లులుపడి చీము పట్టాయి. కస్తూరి మార్కెట్ దగ్గర కూలబడితే, ఇక బతకదని జానయ్య వదిలేసి పోయాడు. కొన్నవాళ్ళని శని వదిలిందో లేదో గానీ దీన్ని మాత్రం పట్టుకుంది. అమ్మాజీ వేపనీళ్ళతో కడిగి, గోనెపట్టాలు చుట్టి, పట్టుబట్టి లేపింది. ఆ లేచిన రోజు నుంచే ఈ మట్టి.

"నా గుర్రం నాకియ్యమ్మా," అన్నాడు జానయ్య. ఎడమ పాదానికి కట్టుంది. "షుగర్ పుండు. వచ్చే నెల కాలి ఏళ్లు తీస్తరంట. ఇగ ఊరేగింపులెన్క నడుస్తనా? కూసోని చేసేది గీ నాడాల పనొక్కటే."

"గుర్రం మీదే, కాదన్నదెవరండీ? మళ్ళీ మేకు దిగితే పడిపోద్ది. ఈసారి లేవదు."

"నా బతుకు సంగతేంది మరి?"

అమ్మాజీ విస్తరి మడిచి లేచింది. బండ్లు తిరగడం లేదు కాబట్టి నడిపించే తీసుకెళ్ళాలి. "నేనూ వస్తాను," అంది. "మేకు కొట్టొద్దని దారిలో అడుగుతాను. మీ గుమ్మంలోనూ అడుగుతాను."

కొత్తపేట దగ్గర చెప్పు ఒరుసుకుంటుంటే విప్పి చేత్తో పట్టుకున్నాడు జానయ్య. గుర్రం మెడ పట్టుకుని, అది మెత్తబరిచిన మట్టిలో అడుగేశాడు. నొప్పి రాలేదు. ఇంకో అడుగేశాడు. అరికాలికి చల్లగా తగిలింది. ఏడాదిగా అడుగడుక్కీ పళ్ళు బిగబట్టిన మనిషి, ఇల్లొచ్చేదాకా ఆ మట్టిలోనే నడిచాడు.

మర్నాడు శనివారం. హాస్టల్ పిల్లల్ని పంపేసి అమ్మాజీ మళ్ళీ వచ్చింది. భార్య పెంటమ్మ సుత్తీ మేకులూ వాకిట్లో పెట్టి ఉంచింది. జానయ్య గిట్టని ఒళ్ళోకి తీసుకున్నాడు. పాత చిల్లులు కిందికి దిగాయి, పైనుంచి కొత్త గిట్ట నల్లగా పెరుగుతోంది.

"మేకు కొట్టకండి జానయ్యగారూ," అంది అమ్మాజీ. "కొడితే ముందు నా చేతి మీద కొట్టండి." అని గిట్ట మీద చెయ్యి పెట్టింది.

జానయ్య సుత్తి కింద పెట్టాడు. "నాకు పుండు ఒక్క కాలికే గదమ్మా," అన్నాడు. "దీనికి నాల్గింటికీ ఉండె." పెంటమ్మ చూస్తుండగానే వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ శనివారం నాడాలకి వచ్చినవాళ్ళకి తలుపుకి తాళం కనపడింది. జానయ్య గుర్రాన్ని మళ్ళీ చైతన్యపురికి నడిపించుకొచ్చి గడ్డి వేస్తున్నాడు. ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రం కస్తూరి పక్కన అతనే నడిచాడు. అమ్మాజీ ఇద్దరి కాళ్ళూ వేపనీళ్ళతో కడిగేది.

వేళ్ళు తీయాల్సిన రోజున దవాఖానలో డాక్టరు కట్టు విప్పి చూసి, కొత్త చర్మం వస్తోందని చెప్పి పంపేశాడు. జానయ్య ఇంటికి పోలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని చైతన్యపురి వచ్చాడు. సాయంత్రం నడక ఇంకా మిగిలే ఉంది.