ఉప్పుబావి పురుగు

అశోక్‌నగర్‌లో ప్రహ్లాద్ సార్ నడిపే లేడీస్ హాస్టల్లో అందరికంటే ముందు లేచేది వంట చేసే రామక్క. గ్యాస్ ముట్టించే ముందు పెరట్లోకి పోయి బావిలోకి తొంగిచూసేది. నీళ్ళు ఎక్కుతుంటే చెప్పులు మెట్ల మీద పెట్టుకోమని అమ్మాయిలకు కేకేసేది. దిగుతుంటే బట్టలు ఆరేసుకోవచ్చనేది. ఆ బావిలో ఉన్నది సముద్రం. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. అమావాస్యకూ పున్నమికీ నురగ గట్టు దాటి పెరట్లో చిందేది. తాగడానికి నల్లా నీళ్ళు, బకెట్లు కడగడానికి బావి నీళ్ళు. కొత్తగా చేరే అమ్మాయిలకు కిరాయి, భోజనం వేళలతోపాటు ఈ సంగతీ చెప్పేవాళ్ళు. వాళ్ళు సరేనని, వైఫై ఉందా అని అడిగేవాళ్ళు.

రోజా ఆ హాస్టల్‌కు వచ్చి ఐదేళ్ళు. సిద్దిపేట దగ్గర పల్లె. జువాలజీలో ఎమ్మెస్సీ చేసి గ్రూప్స్‌కు చదువుతోంది. పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీ ముందు లైన్లో నిలబడి కుర్చీ పట్టుకోవడం, మధ్యాహ్నం డబ్బా, సాయంత్రం కోచింగ్. ముప్ఫై దాటాయి. ఊళ్ళో నాన్న కుమారస్వామి మొదట్లో ఫోన్ చేసినప్పుడల్లా "ఈసారన్న అయితదా బిడ్డా" అనేవాడు. ఈ మధ్య ఆ మాట మానేసి, తిన్నావా అని మాత్రమే అడుగుతున్నాడు.

ఒక పొద్దున రోజా బకెట్ తోముతుంటే నాచులోంచి ఏదో ఎగిరి ఆమె మణికట్టు మీద పడింది. బియ్యపుగింజంత ఉంది. గాజులా లోపలిదంతా కనిపిస్తోంది. కొడవలిలా వంగి, పక్కకు ఒరిగి కాళ్ళాడిస్తోంది. కంటి వెనక కుంకుమ చుక్క.

"ఉప్పుపురుగు. ఏం జెయ్యదు, దులుపుకో," అంది రామక్క.

రోజా దులుపుకోలేదు. ఖాళీ చుక్కలమందు సీసాలో వేసుకుని త్రిపుర మేడం ఇంటికి పోయింది.

బాలత్రిపురసుందరి నారాయణగూడలో ఒక మహిళా కాలేజీలో ముప్ఫై మూడేళ్ళు జువాలజీ చెప్పింది. రోజా డిగ్రీ చదివింది ఆమె దగ్గరే. రిటైరయ్యాక చిక్కడపల్లిలో మేడమీద రెండు గదుల్లో ఒక్కతే ఉంటోంది. కాలేజీ వాళ్ళు పాత సామాను అమ్మేసినప్పుడు కొనుక్కున్న మైక్రోస్కోపు కిటికీ దగ్గర ఉండేది. పురుగును దాని కింద పెట్టి ఇక కన్ను తీయలేదు. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

"ఎక్కడిదే ఇది?"

"మా హాస్టల్ బావిది మేడం."

"ప్రహ్లాద్ వాళ్ళ సముద్రమా. ఇన్నేండ్ల సంది ఆ గల్లీలకెళ్ళే నడుస్తున్న, ఒక్కసారి తొంగిచూడకపోతిని."

నెల రోజులు పుస్తకాలు తిరగేశారు. రొయ్యలకు చుట్టమైన పురుగే, కానీ ఎవరూ రాసింది కాదు. మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "పిల్లలతోని లెక్కలేనన్ని రొయ్యలు కోయించిన. అన్నీ ఎవరో పేరు పెట్టినయే. పేరు లేని జీవిని చూసుడు ఇదే మొదలు రోజా," అంది.

అప్పటినుంచి రోజా లైబ్రరీకి సగంపూటే పోయేది. సన్నని సూదులతో పురుగు కాళ్ళు ఒక్కొక్కటీ విడదీసి గ్లిసరిన్ చుక్కలో పెట్టేవాళ్ళు. ఏ కాలికి ఎన్ని వెంట్రుకలు, ఏ కణుపు ఎంత పొడుగు అని మేడం చెప్తుంటే రోజా రాసేది. మేడం బొమ్మలు గీసేది. ఇరవై మూడు పురుగులు చూశారు. అన్నీ ఆడవే, కడుపు కింద సంచిలో గుడ్లు మోస్తున్నవే.

"మగది లేకుంటే ఎవరూ ఒప్పుకోరు. ఈ జాతిల మగదాని పంజాను చూసే ఇది వేరే అని తేలుస్తరు," అంది మేడం.

రోజా రామక్కను అడిగింది. "పెద్ద పంజాలయా? అవి అడుగున రాతి సందులల్ల ఉంటయి. అమాసకు నీళ్ళన్నీ కిందికి పోతయి సూడు, అప్పుడే కనవడ్తయి," అని చెప్పింది రామక్క.

అంతలో ప్రహ్లాద్ సార్ బావి పూడ్పిస్తున్నాడని తెలిసింది. మేడం స్వయంగా వచ్చి ఆగమని బతిమాలింది. ఆయన చెడ్డవాడు కాదు. గోడ మీద పెచ్చు వేలితో గీకి చూపించాడు. "చూడున్రి మేడం, ఉప్పుకు ఇల్లంత తింటున్నది. పైన నలభై మంది ఆడపిల్లలున్నరు. సోమవారం మట్టి లారీలొస్తయి. నన్ను పరేషాన్ చెయ్యకున్రి."

సోమవారానికి ముందు ఆదివారం అమావాస్య. నీళ్ళు అడుక్కు పోయేది పదకొండు గంటలకు. ఆ ఆదివారమే పదిన్నరకు రోజాకు ప్రిలిమ్స్.

"పరీక్షకు పోను మేడం," అంది రోజా.

మేడానికి కోపం వచ్చింది. "పిచ్చిదానా! మళ్ళ నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో ఎవరికెరుక? మీ నాన్న మొకం జూడు. పురుగు లేకుంటే పాయె. నువ్వు పో."

రోజా పోయింది. మేడం ఏం చేయబోతోందో ఆమెకు కొంచెం తెలుసు. తెలియనట్టే పోయింది. ఆ సంగతి తర్వాత ఎవరికీ చెప్పలేదు.

పేపర్ బాగా రాసింది. రెండు గంటలకు హాస్టల్‌కు వచ్చేసరికి గల్లీలో ఫైరింజను ఉంది. పెరట్లో రామక్క బావి గట్టుకు ఆనుకుని కూర్చుంది. తాడు గుంజి గుంజి రెండు చేతులూ చీరుకుపోయాయి. పక్కన బొక్కెనలో మూత బిగించిన సీసా ఉంది. అందులో నాలుగు పురుగులు. రెండింటికి పంజాలు ఒంట్లో సగమంత ఉన్నాయి.

"వద్దన్న బిడ్డా, ఇనలే," అంది రామక్క. "కొంగు చెక్కుకొని బాయి లోపలి మెట్లు దిగింది. సీస బొక్కెనల వెట్టి, గుంజు అన్నది. గుంజిన. నీళ్ళు మళ్ళుతున్నయి, రాన్రి టీచరమ్మా అని మొత్తుకున్న. ఒక్క నిమిషం, ఇంకోటున్నది అన్నది. ఆ రాళ్ళ దిక్కు నడిచిపోయింది. మోకాళ్ళ లోతే ఉండె. మళ్ళ తాడేస్తే పట్టుకునేటోళ్ళు లేరు."

ఫైరింజను వాళ్ళు తర్వాతి ఆటుకు దిగి చూశారు. ఏమీ దొరకలేదు. పోలీసులు తప్పిపోయిన మనిషి అని రాసుకుని, కేసు తేలేదాకా బావిని ముట్టుకోవద్దన్నారు. మట్టి లారీలు గల్లీ మొదట్లోంచే వెనక్కి పోయాయి. ఢిల్లీ నుంచి వచ్చిన మేడం మేనల్లుడు, శవం లేకుండా కర్మ ఎట్లా చేస్తానని నాలుగు రోజులుండి వెళ్ళిపోయాడు. పోతూ మైక్రోస్కోపు రోజాకిచ్చాడు.

రోజా ప్రిలిమ్స్ పాసయింది. ఐదేళ్ళలో మొదటిసారి. హాస్టల్లో అమ్మాయిలు మిఠాయి పంచబోతే వద్దంది. మెయిన్స్ పుస్తకాలు ముందేసుకునేది, చేయి సూదుల మీదికి పోయేది. మగపురుగు కాళ్ళు తనే విడదీసింది, బొమ్మలు తనే గీసింది. పురుగుకు మేడం పేరు పెడదామనుకుంది. కానీ రాసినవాళ్ళు తమ పేరు పెట్టుకునే పద్ధతి లేదు. రాసినవాళ్ళలో మొదటి పేరు మేడానిదే ఉండాలి. అందుకని రామక్క పేరు పెట్టింది.

"పురుగుకు నా పేరెందుకే," అంది రామక్క. కానీ ఆ కాయితం మీద ఎక్కడుందో చూపించమని రెండుసార్లు అడిగింది.

రాసింది సైన్సు పత్రికకు పంపిన నెలకు జవాబు వచ్చింది. అంతా బాగుందన్నారు. రచయితలందరి సంతకాలూ కావాలి, ఎవరైనా చనిపోయి ఉంటే ఆ మాట రాయాలి అన్నారు. రోజా ఫారంలోని ఆ గడి ముందు మూడు వారాలు కూర్చుంది. బతికుందని రాయలేకపోయింది. చనిపోయిందని తను చూడలేదు.

మెయిన్స్ మొదటి రోజు అమావాస్య. ఆ పొద్దున హాల్‌టికెట్ సంచిలో పెట్టుకుని మెట్లు దిగిన రోజా వీధిలోకి పోకుండా పెరట్లోకి వచ్చింది. "అక్కా, తాడు పట్టుకుంటవా?" అంది. రామక్క తాడు తెచ్చి ఆమె నడుముకు ముడేసింది. ప్రహ్లాద్ సార్ కూడా వచ్చి తాడు రెండో కొస నడుముకు చుట్టుకుని నిలబడ్డాడు.

నీళ్ళు పోయిన బావిలో రాళ్ళు నల్లగా మెరుస్తున్నాయి. ఒక పక్క రాళ్ళు విడిపోయి దారి ఉంది. దాని అవతల ఇసుక, ఇసుక అవతల బూడిదరంగు నీళ్ళు, ఆవలి ఒడ్డు లేదు. రోజా తాడు పొడుగున్నంత దూరం నడిచింది. మేడం అని పిలిచింది. గాలి తప్ప ఏమీ లేదు. తాడు విప్పుకుంటే ఇంకా పోవచ్చు. చేయి ముడి మీదికి పోయింది కూడా. అంతలో నీళ్ళు పాదాలకు చల్లగా తగిలాయి. పైనుంచి రామక్క ఏడుస్తూ పిలుస్తోంది. రోజా వెనక్కి తిరిగింది.

పైకి వచ్చాక రామక్క ఆమె మొహంలోకి చూసి, "కనవడ్డరా?" అంది.

"లేరు," అంది రోజా. నడుముకున్న తాడు విప్పుకుంటూ, "మేడం లేరక్కా," అంది.

ఆ మాట అప్పటిదాకా ఎవరూ అనలేదు. ప్రహ్లాద్ సార్ తాడు వదిలేసి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మధ్యాహ్నం ఊరి నుంచి నాన్న ఫోన్ చేశాడు.

"ఎట్ల రాసినవ్ బిడ్డా?"

"రాయలేదు నాయినా."

"ఇంటికి రా," అన్నాడు.

రామక్క తలస్నానం చేసి కొత్త కుండలో అన్నం వండింది. నువ్వులు కలిపి మూడు ముద్దలు చేసి విస్తట్లో పెట్టి బావి గట్టు మీద ఉంచింది. ఇద్దరూ దూరంగా జరిగి కూర్చున్నారు. గంటసేపు చూసినా ఒక్క కాకి రాలేదు. రోజా లేచి విస్తరిని బొక్కెనలో పెట్టి మెల్లగా కిందికి వదిలింది. పోటు నీళ్ళు సగం దాకా ఎక్కి ఉన్నాయి. విస్తరి నీళ్ళమీద తేలింది.

మొదట పెద్ద పంజాలవి వచ్చాయి. వాటి వెనక గుడ్లు మోసే ఆడవి, వాటి వెనక ఆవగింజంత పిల్లలు, వందలూ వేలూ. ఎసరు మరిగినట్టు విస్తరి చుట్టూ నీళ్ళు కదిలాయి. చూస్తుండగానే మూడు ముద్దలూ కరిగిపోయాయి, ఒక్క మెతుకు మిగల్లేదు.

రామక్క తాడు కోసిన మచ్చలున్న చేతులు జోడించింది.

"ముట్టింది బిడ్డా," అంది.