అంజవ్వ విన్న కెనడా

కథ చివర ముందే చెప్పేవాడు నమ్మదగిన మనిషి కాడు. మధుకర్ అట్లా చెప్పేశాడు. లింబయ్య భార్యకు సొంత తమ్ముడే అయినా లెక్క మారదు.

ఆ పొద్దున లింబయ్య గడప పక్కన కూర్చుని చదువుతున్నాడు. ఎదురుగా భార్య అంజవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. జబ్బుతో మణికట్టు ఎముకలు పైకి తేలాయి గాని, తునికాకులో తంబాకు పరిచి చుట్టి కొన మడిచే వేళ్లకు ఇంకా చూపుతో పని లేదు. ఆమెకు చదువు రాదు. అతను వర్ని ఊరి పక్క పల్లెలో ఏడో తరగతి దాకా చదివాడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు దించే పని పోయి నిజామాబాద్ చేరినప్పటి నుంచి ఆమె చుట్టడం, అతను చదివి వినిపించడం.

పుస్తకాలు మధుకర్ ఇచ్చినవే. అతనికి బస్టాండు దగ్గర పాత పుస్తకాల దుకాణం ఉంది. తెలుగులోకి మార్చిన కెనడా నవలలు ఎవరూ కొనక మూలన పడి ఉంటే సంచిలో వేసి తెచ్చాడు.

లింబయ్య ఒక్కొక్కటే చదివి తీర్పులు చెప్పాడు. సేద్యం నవల నిజం. మంచు తీసేసి ఎండిన కాలువ పెడితే అది బోధన్ రైతు ఇల్లే, మొగుడూ పెళ్లాల మౌనంతో సహా. దయ్యం కథ దండుగ. దయ్యానికి సొంత గది ఉన్న ఇంట్లో భయమేమిటి? ప్రేమ కథలో ఆ ఇద్దరూ మాట్లాడుకున్నంత ఎవరూ మాట్లాడుకోరు. రాబోయే కాలం నవలలో జనం నీళ్లకు వరుస కడతారు. రాసినవాడు ఒక్క వేసవి కూడా ఈ గల్లీలో ఉండలేదు. మిగిలింది హత్య నవల. గడ్డకట్టిన సరస్సు కింద శవం. అందరికీ అనుమానమే, మంచు కరిగేదాకా ఎవరూ నోరు విప్పరు. ఇది గట్టి పుస్తకమని సగంలోనే తేల్చాడు.

దాన్ని మెల్లగా చదివాడు. ఈమధ్య రోజుకొక పేజీ. ఒక్కోసారి నిన్నటి పేజీనే మళ్లీ. ఊళ్లో చిందు భాగోతం ఆడితే చివర మంగళహారతి పాడేదాకా అంజవ్వ లేచేది కాదు; ఆట నడుమ లేవడం కీడని ఆమె నమ్మకం. డాక్టరు ఇక ఇంట్లోనే ఉంచుకొమ్మన్న నాటి నుంచి లింబయ్య కూడా అదే పట్టుకున్నాడు. కథ సగంలో ఉండగా ఆమె పోదు.

"నిన్నటిదే సదువుతున్నవ్," అంది అంజవ్వ. "మంత్రాలే సదువుతవ్ గని ప్రసాదం చేతిల వెట్టవు."

అతను మళ్లీ పేజీ మొదటికి వెళ్లాడు.

మధ్యాహ్నం అతను ఆమెకు మందు తేవడానికి వెళ్లి వచ్చేసరికి మధుకర్ అక్క పక్కన కూర్చుని ఆకు కత్తిరించి ఇస్తున్నాడు. అంజవ్వ ముఖం తేటగా ఉంది.

"గా పడవ నడిపెటోడేనట సంపింది," అంది. "నేను సర్చి ఫాదర్ అనుకున్న. పాపం, ఉత్తగనే తిట్టిన."

లింబయ్య మధుకర్‌ను చూశాడు. మధుకర్ చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

ఆమె చదవమంది. ఎవడో తెలిశాక ఇంకా బాగా వినొచ్చని, వాడు ఎట్లా దాచుకున్నాడో చూద్దామని నచ్చజెప్పింది. లింబయ్య పుస్తకం మూసి అటక మీదికి తోశాడు. మళ్లీ మాట్లాడలేదు. ఆమె గోడకు ఆనుకుని చుడుతూనే ఉంది. పొద్దు వాలాక అతను లైటు వేశాడు. ఆమె వేళ్లు ఆగి ఉన్నాయి. వాటి మధ్య ఉన్న బీడీకి ఇంకా దారం కట్టలేదు.

అంజవ్వ దినాలు ముగిశాక మధుకర్ వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"బావా, అక్కనే అడిగింది. మీ బావ సదివేదాక నేనుండ, నువ్వన్న చెప్పురా అన్నది."

"అడిగితే చెప్తవా?"

మధుకర్ తల దించుకున్నాడు.

"ఇగ పో. గీ ముచ్చట నేనెన్నడు ఎత్త. నువ్వెత్తితే నా గడప తొక్కకు."

మధుకర్ బండి తీసి వెళ్లిపోయాడు. హెల్మెట్ అరుగు మీద మరిచాడు. లింబయ్య దాన్ని తీసుకుపోయి ప్రహరీ గోడ మీద వెల్లకిలా పెట్టి తలుపు వేసుకున్నాడు. ఫోన్ చేయలేదు. వానలు పడ్డాయి. హెల్మెట్ నిండా నీళ్లు నిలిచాయి.