అక్క చదవని మూట

సుత్తి మొదటి దెబ్బ చిన్నోడి ఎడమచేతి చిటికెనవేలి మీద పడింది. వాడు పెట్టిన కేకకి వీధి వీధంతా పరిగెత్తుకు రావాలి. కానీ వాడి గదికి సరిగ్గా కిందే కార్ల సొట్టలు తీసే షెడ్డు ఉంది. అక్కడ పొద్దస్తమానం రేకు మీద సుత్తి మోగుతూనే ఉంటుంది. మేడ మీద ఇంకో సుత్తి మోగితే ఎవడు తలెత్తి చూస్తాడు?

"ఏమీ అనుకోకండి," అన్నాడు ఎదుటి కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి. "మీరు కాదంటే మావాడు ఇంకో వేలు చూస్తాడు. తొందరేం లేదు, నిదానంగా ఆలోచించుకోండి."

మావాడంటే పక్కన సుత్తి పట్టుకుని నిలబడ్డ లావుపాటివాడు. వాడికి మాటలతో పనిలేదు.

చిన్నోడంటే చిన్నపిల్లాడేం కాదు, ముప్పై దాటినవాడు. అక్క పిలిచే పేరు అలా అతుక్కుపోయిందంతే. ఆ అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి 'మూట' అని ఒక చిన్న ప్రోగ్రాం రాశారు. దానికి బొమ్మలూ బటన్లూ ఏమీ ఉండవు. నల్లటి తెర మీద 'మూట కట్టు' అని టైపు చేస్తే ఎన్ని ఫైళ్ళున్నా ఒక్కటిగా కట్టి పెడుతుంది. 'మూట విప్పు' అంటే దేన్నీ చెదరకుండా విప్పి పెడుతుంది. లోపలి రాతంతా అందరికీ కనబడేలా పెట్టి, ఊరికే వాడుకోండి బాబూ అన్నారు. జనం వాడుకున్నారు. అది ఆస్పత్రుల్లోకీ, కరెంటాఫీసుల్లోకీ, రైళ్ళు నడిపే కంప్యూటర్లలోకీ చేరిపోయింది. ఆ సంగతి అక్కడి పెద్దలకే తెలీదు. వీళ్ళు కొత్త వెర్షన్ వదిలితే చాలు, అది అన్ని చోట్లకీ తనంతట తనే వెళ్ళిపోతుంది.

పెద్దమనిషి కన్ను దాని మీదే పడింది. చాలాకాలంగా మూటలో చిన్నచిన్న తప్పులు ఎత్తిచూపి, తనే దిద్ది పంపేవాడు. ఏ ఉత్తరం చూసినా దయచేసి, క్షమించండి, మీ విలువైన సమయం, ఇదే గోల. నన్నూ మీతో కలుపుకోండి అని అడిగితే అక్క ఒప్పుకోలేదు. "ఓట్లడగడానికి వచ్చినవాడిలా రాస్తున్నాడు, నాకు నచ్చలేదు," అంది. చిన్నోడికే మనసు మెత్తబడింది. మీ ఊరొచ్చాను, ఒకసారి కలుద్దాం అని రాయగానే ఎగిరి గంతేసి తలుపు తీశాడు వెర్రివెంగళప్ప.

వచ్చినవాళ్ళు మూటలో ఒక విషం కలిపి తెచ్చారు. ఆస్పత్రిలో ఎవరైనా మూట విప్పారంటే అక్కడి కంప్యూటర్లన్నిటికీ తాళం పడిపోతుంది. అడిగినంత డబ్బిస్తే గానీ తెరుచుకోవు. ఈలోపు ఆపరేషన్ బల్ల మీద ఉన్నవాళ్ళ గతి ఏమిటి? చిన్నోడు అదే అడిగాడు. దానికి జవాబుగానే సుత్తి దిగింది.

అయితే మూటకి ఒక కట్టుబాటుంది. ఒకరు మార్చింది ఇంకొకరు చదివి 'సరే' అంటేనే బయటికి వెళ్తుంది. అక్క లైను లైనూ చదివేది. చదివి తిట్టేది. "ఒరే మొద్దూ, ఇది కళ్ళు మూసుకుని రాశావా?" అనేది. వాడూ ఏమీ తక్కువ తినలేదు. "ఒసే దద్దమ్మా, నీకు అర్థం కాకపోతే నా తప్పా?" అని అందరూ చూసే పేజీలోనే రాసేవాడు. వాళ్ళు పుట్టి బుద్ధెరిగాక ఒకరితో ఒకరు మర్యాదగా మాట్లాడింది నాన్న పోయిన రోజు ఒక్కటే.

"అక్కగారికి రాయండి," అన్నాడు పెద్దమనిషి. "చిన్న మార్పే, చూసి సరే అనమని."

చిన్నోడు కుడిచేత్తో టైపు చేశాడు. 'అక్కా, మీరు దయచేసి ఈ మార్పు చూసి పంపగలరు. మీకు శ్రమ ఇస్తున్నందుకు క్షమించండి.'

పెద్దమనిషి చదివి తృప్తిగా తలూపాడు. ఆయనకి అది మామూలు ఉత్తరమే. చిన్నోడి లెక్క వేరు. మీరు అన్న మాట చూడగానే అక్కకి ఒళ్ళు జలదరిస్తుంది, ఏదో కొంపమునిగిందని పసిగడుతుంది అని వాడి ఆశ. ఆ ఆశతోనే రెండో వేలి మీద పడ్డ దెబ్బ కూడా ఓర్చుకున్నాడు. అది దేనికి కొట్టారంటారా? ఊరికే. ఆలస్యమవుతోందని.

ఠంగుమని జవాబొచ్చింది.

'ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందా నా బంగారుకొండా! చదవక్కర్లేదు, నీ మీద నాకు నమ్మకం. సరే.'

చిన్నోడికి అప్పుడు గుర్తొచ్చింది, ఆమధ్య అక్క ఫోన్లో ఏడ్చిన సంగతి. "నేను పెద్దదాన్నిరా. పదిమంది చూసే చోట దద్దమ్మ అంటావు. చచ్చేలోపు ఒక్కసారైనా నన్ను మర్యాదగా పలకరిస్తావా?" అంది. వాడు పగలబడి నవ్వాడు. ఆ రోజు నుంచీ ఆవిడ పొడిపొడిగా మాట్లాడుతోంది. ఇప్పుడు వాడు ప్రాణభయంతో రాసిన మాటని ఆ పిచ్చితల్లి క్షమాపణ అనుకుంది. జీవితంలో మొదటిసారి చదవకుండా సరే కొట్టింది. ఆ నవ్వు నవ్వినందుకు తన చెంప తనే పగలగొట్టుకోవాలనిపించింది వాడికి.

ఇక మిగిలింది ఒక్కటే. లాప్‌టాప్ పక్కన గోరంత తాళం ఒకటి గుచ్చి ఉంది. అది మిణుకుమిణుకుమన్నప్పుడు చిన్నోడు తన వేలిముద్రతో తాకితేనే కొత్త మూట లోకం మీద పడుతుంది. లావుపాటివాడు చిన్నోడి కుడిచెయ్యి మెలితిప్పి, చూపుడువేలు పట్టుకుని తాళం వైపు లాగాడు. తాళం మిణుకుమంది.

ఎడమచెయ్యి ఎవరూ పట్టుకోలేదు. నుజ్జయిన చేత్తో వీడేం చేస్తాడులే అనుకున్నారు. చిన్నోడు ఆ నుజ్జయిన పిడికిలినే ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి తాళం మీద దించాడు. ఎముక విరిగిందో తాళం విరిగిందో తెలీదు గానీ కటుక్కుమంది. మిణుకు ఆరిపోయింది.

తర్వాత వాళ్ళు వాణ్ణి కొట్టిన కొట్టుడు రాయడానికి నాకే చేతులు రావడం లేదు. డొక్కలో తన్నారు. తల గోడకేసి బాదారు. పళ్ళు రాలాయి, ఒక కన్ను మూసుకుపోయింది. కింద షెడ్డులో ఎవడో ఈల వేసుకుంటూ రేకు కొడుతూనే ఉన్నాడు.

"ఆగరా," అన్నాడు పెద్దమనిషి, చొక్కా మీద పడ్డ నెత్తురు తుడుచుకుంటూ. "ఇలాంటి తాళం అక్కగారి దగ్గర ఇంకోటి ఉంటుంది కదండీ?"

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. అక్క. పెద్దమనిషి ఫోన్ ఎత్తి, స్పీకర్ పెట్టి, చిన్నోడి చెవిలో గుసగుసలాడాడు. "స్నేహితుడు వస్తున్నాడు, తలుపు తియ్యమని చెప్పండి. మర్యాదగా చెప్పండి."

"ఏరా చిన్నోడా!" అక్క గొంతులో సంతోషం పొంగుతోంది. "నన్ను మీరు అన్నావుట్రా! బావకి కూడా చూపించాను."

చిన్నోడు నోట్లో నెత్తురు ఉమ్మేశాడు. మర్యాదగా ఒక్క మాట అంటే తను బతుకుతాడు. అక్క తలుపు తీస్తుంది. సుత్తి ఆ గుమ్మం దాటుతుంది.

"ఒసే దద్దమ్మా!" అని అరిచాడు. "చదవకుండా సరే అంటావా? నీకు కళ్ళు పోయాయటే? చంపుతున్నారే నన్ను! తలుపేసుకో, నీ తాళం కోసం..."

సుత్తి మోకాలి మీద పడింది. ఆ కేక అక్క విన్నది. బావ విన్నాడు. ఫోన్ గోడకి తగిలి ముక్కలైంది.

లావుపాటివాడు మళ్ళీ సుత్తి ఎత్తాడు గానీ, పెద్దమనిషి అప్పటికే గుమ్మం దగ్గర ఉన్నాడు. "పదరా, పద," అంటున్నాడు. ఆ హడావుడిలో ఆయన ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. మెట్ల మీద ధడధడా అడుగులు దిగిపోయాయి.

ఎంతసేపటికో చిన్నోడు మోచేతుల మీద పాకి బల్ల దగ్గరికి చేరాడు. ఉన్న ఒక్క కన్నుతో తెర చూశాడు. ఇందాకటి 'సరే' లేదు. దాని చోట ఎర్రటి అక్షరాల్లో 'వద్దు' అని ఉంది. దానికింద, లోకమంతా చూసే పేజీలో, అక్క రాసింది:

'ఒరే మొద్దూ, తలుపేసుకున్నాను. బావ పిలిచిన పోలీసులు నీ వీధిలోకి వచ్చేశారు. చచ్చావంటే చంపేస్తాను.'

వాడికి ఏడుపొచ్చింది. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే మాట వింటోంది. దాంతోనే ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు.

'నువ్వేంటే నన్ను చంపేది, దద్దమ్మా. తొందరగా రా.'