‘అలర్ట్’ పుట్టుపూర్వోత్తరాలు

మా నూలు మిల్లులో పొగ కనిపెట్టే ఉద్యోగం మా మామయ్యది. మామయ్యంటే నా భార్య తండ్రి. ఎనభై రెండు మెట్లెక్కి, పైన అద్దాల గదిలో కూర్చుని, పత్తి గోదాముల మీద కన్నేసి ఉంచాలి. పొగ కనిపిస్తే గంట కొట్టాలి. ఇరవయ్యేళ్లలో నాలుగుసార్లు కొట్టారు. నాలుగుసార్లూ మిల్లు బతికి బట్టకట్టింది.

కొత్త మేనేజరొచ్చి వారం తిరక్కుండానే సిబ్బందికి అప్రమత్తత లేదని తేల్చేశాడు. శిక్షణ తరగతి పెట్టాడు. పాఠం చెప్పేదీ తనేనట! టైపిస్టుని కాబట్టి సిబ్బందంతా తప్పక రావాలన్న ఆ సర్క్యులర్ టైపు కొట్టిన పాపం నాది. చదవకుండానే సంతకం గీకాడు. వచ్చిన దగ్గర్నుంచీ నేను కొట్టిన కాగితం ఆయన ఒక్కటీ చదివి ఎరగడు.

"మరి పైన ఎవరుంటారు సార్?" అన్నాను.

"అందరూ అంటే అందరూ రావాలయ్యా. నీకు వేరే చెప్పాలా?"

మామయ్య మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగొచ్చి, హాజరు పట్టీలో సంతకం పెట్టి, ముందు వరసలో కూర్చున్నారు. మేనేజరు గొంతు సవరించుకుని ‘అలర్ట్’ అనే ఇంగ్లీషు మాట పుట్టుక ఎత్తుకున్నాడు. అది ఇటలీ సిపాయిల కేకట. ఎత్తు మీదికెక్కి కాపలా కాయమని అర్థమట. అక్కణ్ణుంచి ఫ్రాన్సు వెళ్లి, ఆ తర్వాత ఇంగ్లీషులో చేరిందట. ఆ మాట అన్ని దేశాలూ తిరిగి మా హాల్లోకొచ్చేసరికి మూడో గోదాము బూడిదైంది.

మర్నాడే విచారణ. మామయ్య రిటైరవడానికి ఇంకా ఎనిమిది నెలలుంది. ఇప్పుడు తీసేస్తే పింఛను కూడా పోతుంది. పొద్దున్న అత్తయ్య అన్నం ముట్టలేదు.

"పొగొచ్చినప్పుడు ఎక్కడ చచ్చావు?" అని మేనేజరు కేకలేశాడు.

"ఇక్కడే సార్, మీ ఎదురుగానే. ఎత్తు మీదికెక్కి కాపలా కాయాలని మీరు చెబుతుంటే రాసుకుంటున్నాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వింది నేనే. మేనేజరు నన్ను గుడ్లురిమి చూసి, యజమానికి పంపాల్సిన ఉత్తరం చెప్పడం మొదలెట్టాడు.

"అలర్ట్‌గా లేనందున ఇతన్ని తొలగించవలసిందిగా సిఫారసు చేస్తున్నాను."

ఒళ్లు మండిపోతున్నా కొట్టాను. కొట్టాక నిన్నటి సర్క్యులరూ, హాజరు పట్టీ కూడా వెనక జతచేశాను. పట్టీలో మొదటి సంతకం మామయ్యది, పక్కన వచ్చిన టైము, వెళ్లిన టైము. అడుగున పాఠం చెప్పినాయన సంతకం. పైగా ఉత్తరం చివర నేనొక వాక్యం కలిపాను: "ఆ సమయంలో ఇతన్ని కిందికి పిలిపించింది నేనే."

మొత్తం కట్ట ఆయన ముందు పెట్టాను. ఎప్పట్లాగే కాగితం వంక చూడకుండా సంతకం గీకాడు. కవరంటించి యజమాని ఇంటికి నేనే పట్టుకెళ్లాను.